నలభై ఒక్క సంతకాలు

అయితే ఏమైందండీ ఇప్పుడు? రాయమన్నారు, రాశాను. పద్నాలుగు రోజులకి రాయమన్నారు, పద్నాలుగు రోజులకీ రాశాను. ఇవాళ తొమ్మిదో రోజే కదా, మిగతా అయిదు రోజులవి ఎలా రాశారని అడుగుతారేంటి? ముందే రాసేశాను. పని ముందే అయిపోతే సంతోషించాలి గానీ, ఆ పుస్తకాన్ని అలా రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తారేంటి.

కోపం కాదండీ. నా గొంతే అంత.

సరే, ఉన్నమాట చెప్తాను. పోయిన సోమవారం మీరు ఈ పుస్తకం చేతికిచ్చి పంపించారు కదా, కింద కారులో కూర్చుని మొత్తం ఒక్క బిగిన రాసేశాను. రోజుకి ఇరవై నిమిషాలు ఏ పనీ చేయకుండా కూర్చోవాలి, ఎలా అనిపించిందో రాయాలి, పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలి. అంతేగా మీరు చెప్పింది? పద్నాలుగు రోజుల ఖాళీని ఇరవై నిమిషాల్లో తేల్చేశాను.

మార్కులు కూడా ఊరికే వేయలేదు. మొదటి రోజు మూడు. అక్కణ్ణించి రోజుకో అర మార్కు పెంచుకుంటూ వచ్చాను. వరసగా పెరుగుతూ పోతే మీకు అనుమానం వస్తుందని ఆరో రోజు ఒక మార్కు తగ్గించాను. పక్కింటివాళ్ళు గోడకి మేకులు కొట్టారని కారణం కూడా రాశాను, చూడండి. చివరి రోజుకి ఎనిమిది. పదికి పది వేస్తే అతిగా ఉంటుంది, అందుకని ఎనిమిది దగ్గర ఆగాను.

నవ్వుతున్నారు. నవ్వండి. తొమ్మిది రోజుల్లో మీరు నవ్వడం ఇదే మొదటిసారి, ఇన్నాళ్ళూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

చూడండి మేడమ్, మనిద్దరి టైమూ వృథా చేసుకోవడం ఎందుకు? నాకు మీ దగ్గర కావాల్సింది ఒక్క కాగితం. ఈమె పని చేయడానికి తగిన స్థితిలో ఉంది అని నాలుగు వాక్యాలు, కింద మీ సంతకం. మా హాస్పిటల్లో పెద్ద డాక్టరు ఉన్నారు, అందరం పెద్దాయన అంటాం, ఆయనకి అది చూపించాలి. గురువారంతో నా సెలవు అయిపోతుంది. శుక్రవారం పొద్దున్నే, మిగతావాళ్ళు రాకముందే, నేను నా కుర్చీలో ఉండాలి. ఉండి తీరాలి.

ఎందుకంత తొందర అంటారేంటి, నా ల్యాబు అది. పదహారేళ్ళు పనిచేశాను. అక్కడ నన్ను ఏమంటారో తెలుసా? గడియారం అంటారు. నా వెనకే అంటారు, నాకు వినపడేలా అంటారు. పది గంటలకి రిపోర్టులు బయటికి రావాలంటే పదికి వస్తాయి, పదీ అయిదుకి కాదు. గడియారానికి సెలవేంటండీ.

అలసట, అలసట అని మీరే అంటున్నారు. బయట బల్ల మీద పెట్టారు కదా ఓ కాగితం, ఉన్నత స్థాయికి ఎదిగిన మహిళల అలసటకి ప్రత్యేక చికిత్స అని. దాని మీద బొమ్మలో ఒకావిడ కోటు వేసుకుని, కిటికీ పక్కన నిలబడి, చేతిలో కప్పు పట్టుకుని దూరంగా చూస్తూ ఉంటుంది. అలా నిలబడి తాగే తీరికే ఉంటే ఆవిడ ఇక్కడికెందుకొస్తుంది?

అయినా అలిసిపోయేది ఆడవాళ్ళేనా? మా పెద్దాయనా అలిసిపోతారు. ఆయన అలిసిపోతే గది తలుపు వేసుకుంటారు, మేమంతా వరండాలో చెప్పుల చప్పుడు కాకుండా నడుస్తాం. నేను అలిసిపోతే మాత్రం చికిత్స.

మా ఆయన? ఆయన మంచివాడే. వంక పెట్టడానికి లేదు. నువ్వు చెయ్యకు, వదిలెయ్, అంటాడు. ఎవరు చేస్తారో మాత్రం చెప్పడు.

అమ్మాయి గురించి పోయినసారే అడిగారు, నేను మాట దాటేశాను. సరే వినండి. పద్నాలుగేళ్ళు దానికి. ఓ రోజు సాయంత్రం నా పక్కన కూర్చుని ఏదో చెప్తోంది, నేను ఊ కొడుతున్నాను. మధ్యలో, అమ్మా, ఇవాళ మా స్కూలు తగలబెట్టేశాను, అందట. నేను, మంచిది, బట్టలు మార్చుకో, అన్నానట.

అది ఏడిస్తే బాగుండేది. నవ్వింది. నాన్నా, నేనే గెలిచాను, అని అరుచుకుంటూ లోపలికి పోయింది. తండ్రీ కూతుళ్ళు పందెం వేసుకున్నారండీ, నేను వింటున్నానా లేదా అని. మా ఆయన నేను వింటానని కాశాడు పాపం.

ఊ కొట్టడానికి చెవి అక్కర్లేదు మేడమ్. నోరు దానంతటదే కొట్టేస్తుంది. చెయ్యి కూడా అంతే.

ఏం లేదు. ఏదో మాట వరసకి అన్నాను. ముందుకి పోదాం.

ఏంటి? ముందే రాసిపెట్టుకోవడం నాకు అలవాటా అనా? అలవాటే. మీకు మా పని తెలియదు కాబట్టి మోసంలా కనిపిస్తోంది. అది మోసం కాదు, పద్ధతి. చెప్తాను ఉండండి.

ఆపరేషన్‌లో ఒంట్లోంచి ఏ ముక్క తీసినా మా దగ్గరికి సీసాలో వస్తుంది. టెక్నీషియన్ దాన్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేస్తాడు. గులాబీ, నీలం. దాన్నే స్లైడు అంటాం. నేను మైక్రోస్కోపులో చూసి, ఇది మామూలుదా, క్యాన్సరా, చెప్పాలి. ఆ మాట మీదే సర్జన్ కత్తి పట్టుకుంటాడు, లేదా పేషెంటుని ఇంటికి పంపిస్తాడు. పేషెంటుకి నా మొహం తెలియదు. నా సంతకం తెలుస్తుంది.

అందులో నూటికి ఎనభై మామూలువే. రాళ్ళున్నాయని తీసేసిన గాల్ బ్లాడర్, నొప్పని తీసేసిన అపెండిక్స్. రాసేది కూడా అదే నాలుగు వాక్యాలు. అందుకని ముందురోజు సాయంత్రమే అందరికీ ఆ నాలుగు వాక్యాలూ కంప్యూటర్లో పెట్టేస్తాను. క్యాన్సర్ లక్షణాలు లేవు, అని. పొద్దున్నే ఒక్కో స్లైడూ చూస్తాను, తేడా ఉంటే మారుస్తాను, లేకపోతే సంతకం పెడతాను. పదహారేళ్ళుగా ఇదే. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంకో నాలుగు హాస్పిటళ్ళలో ఇదే చేస్తున్నారు. తప్పేముంది? చూశాకే కదా సంతకం.

చూశాకే.

కొంచెం నీళ్ళు ఇస్తారా.

ఎనిమిది నెలల కిందట నాతోపాటు రిపోర్టులు చూసే ఇంకో డాక్టరు మానేసింది. ఆమె కుర్చీలోకి ఇంకా ఎవర్నీ తీసుకోలేదు. పెద్దాయన నన్ను పిలిచి, మీరుండగా నాకు దిగులు లేదమ్మా, అన్నారు. నేను పొంగిపోయాను. నిజంగా పొంగిపోయాను, సిగ్గులేకుండా చెప్తున్నాను. మోసేవాళ్ళ నెత్తికే ఇంకో మూట ఎత్తుతారని అప్పుడు తోచలేదు. ఆమె స్లైడ్లూ నావే, నా స్లైడ్లూ నావే. పది గంటలంటే పది గంటలకే ఇచ్చాను, ఒక్కరోజు తప్పలేదు.

ఆ, జూనియర్ మీద అరిచిన సంగతికే వస్తున్నాను. దానికోసమేగా నన్ను ఇక్కడికి తోలింది. మీ దగ్గరున్న కాగితంలో అదే ఉంటుంది, సహోద్యోగిని అందరి ముందూ దూషించింది, అని. దూషించాను. కాదనట్లేదు.

ఆ అమ్మాయి మా ల్యాబులో అందరికంటే చివర చేరిన డాక్టరు. రిపోర్టులు నావి, మెడిసిన్ చదివే పిల్లలకి పాఠాలు ఆమెవి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడుతుంది, తలుపు కూడా మెల్లగా వేస్తుంది. ఆ గురువారం సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి ఒక స్లైడు పెట్టి, మేడమ్, ఇది ఒకసారి చూస్తారా, అంది. చూశాను, నిన్ననే సంతకం పెట్టాను, అన్నాను. ఇంకొకసారి చూడండి మేడమ్, అంది.

అంతే. ఏం మాట్లాడానో కూడా సరిగ్గా గుర్తులేదు. నాకు నేర్పిస్తావా, నువ్వు పుస్తకం పట్టక ముందునుంచీ నేను సంతకాలు పెడుతున్నాను, అన్నాను. ఆమె చేతిలో రిపోర్టు లాక్కుని నేల మీదకి విసిరేశాను. టెక్నీషియన్లు ముగ్గురు గోడకి అతుక్కుపోయారు. ఆ పిల్ల మాత్రం కదలలేదు. వంగి ఆ కాగితం తీసి మళ్ళీ నా బల్ల మీద పెట్టింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, అదన్నమాట.

చూశాను. చూడక చస్తానా? యాభై రెండేళ్ళావిడ గాల్ బ్లాడర్. స్కూలు టీచరట. ఒక మూల, అంతే, ఆవగింజంత చోట, క్యాన్సర్. పెద్ద కష్టమైన కేసు కూడా కాదు మేడమ్. చదువుకునే పిల్లలకి చూపించే కేసు. పిల్లలకి చూపించడానికే ఆ అమ్మాయి ఆ స్లైడు తీసింది, మామూలు గాల్ బ్లాడర్ ఎలా ఉంటుందో చూపిద్దామని. నా రిపోర్టులో మామూలని ఉంది కదా మరి.

లేదు, ఏమీ కాలేదు ఆవిడకి. రిపోర్టు వార్డుకి వెళ్ళినా, సర్జన్ అప్పటికింకా చూడలేదు. వెనక్కి తీసుకుని దిద్ది పంపాను. సర్జన్ మళ్ళీ ఆపరేషన్ చేశాడు. ఆవిడ బాగుంది.

ఆ అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. అరిచిన సంగతి టెక్నీషియన్లు మోశారు పైకి. ఎందుకు అరిచానో ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు. పెద్దాయన పిలిచి అడిగితే, మేడమ్ బాగా అలిసిపోయారు సార్, అని ఊరుకుందట. నా దగ్గరికి వచ్చి, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది మేడమ్, అంది. నేను తలెత్తి చూడలేదు.

మూడు వారాలు సెలవు తీసుకోండి, ఎవరికైనా చూపించుకోండి, కాగితం తెండి, అన్నారు పెద్దాయన. నాకు ప్రాణం లేచొచ్చింది. కోపిష్టిది అనిపించుకోవడం తేలిక మేడమ్. కోపిష్టి డాక్టర్లు హాస్పిటల్‌కి పదిమంది ఉంటారు.

ఇంకేముంది చెప్పడానికి. అయిపోయింది.

అలా చూడకండి. మీరేమీ అడగకుండా అలా చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టండి, లేదా ఆ శ్వాస పీల్చి వదిలేదేదో చేయించండి.

మొదటి రోజు మీరు, ఇక్కడ చెప్పింది బయటికి పోదు, అన్నారు. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప, అని కూడా అన్నారు. ఆ రెండో మాట దగ్గర నేను నీళ్ళు నమిలాను. మీరు గమనించలేదు.

గమనించారా? మరి అప్పుడే ఎందుకు అడగలేదు? అడిగితే చెప్పేదాన్ని కదా. చెప్పేదాన్ని కాదులెండి. ఎనిమిది మార్కులు వేసి ఇచ్చేదాన్ని.

ఆ స్లైడు నేను చూడలేదు మేడమ్. చూసి పొరపాటు పడటం వేరు. అసలు చూడలేదు.

సెలవు పెట్టిన మొదటి రోజు ఇంట్లోంచే కంప్యూటర్లో ల్యాబు రికార్డు తెరిచాను. సంతకం పెట్టిన ప్రతిసారీ ఎన్నింటికి పెట్టామో నమోదవుతుంది అందులో. ఒక స్లైడుకి ఎంత లేదన్నా రెండు నిమిషాలు కావాలి. అరవడానికి ముందురోజు, ఆ బుధవారం, నేను నలభై ఒక్క రిపోర్టులకి సంతకం పెట్టాను. మొదటిదానికీ చివరిదానికీ మధ్య తొమ్మిది నిమిషాలుంది.

తొమ్మిది. మూడుసార్లు లెక్కపెట్టాను, గడియారాన్ని కదా.

ఆ రోజు మా ల్యాబుకి మంచి పేరొచ్చిందని పై అంతస్తులో చిన్న సభ పెట్టారు. నేను మాట్లాడాలి. పొద్దున్నుంచీ ఏవేవో పనులు తగిలాయి, పది కావొస్తోంది, రిపోర్టులు అలాగే ఉన్నాయి. స్లైడ్ల ట్రే నా ఎడమ చేతి పక్కనే ఉంది. అది గుర్తుంది. పైకి వెళ్ళి మైకు ముందు నిలబడి, మా ల్యాబులో ఏ స్లైడునీ ఆదరాబాదరాగా చూడం, అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. అబద్ధం చెప్తున్నానని నాకు అనిపించలేదండీ. ఒట్టు. అన్నీ చూసే వచ్చాననుకున్నాను. మా అమ్మాయి మాటలకి ఊ కొట్టినట్టే, నా చెయ్యి సంతకాలు పెట్టేసింది, నాకు కబురు కూడా చెప్పలేదు.

అవును. ఒకటి దొరికింది. ఇంకా నలభై ఉన్నాయి.

తెలియదు. నలభైలో ఏమీ ఉండకపోవచ్చు. ఉండదనే రోజూ అనుకుంటున్నాను. పడుకునేటప్పుడు అనుకుంటాను, లేచేటప్పుడు అనుకుంటాను. నలభైమందీ, మీకేం లేదు, అనిపించుకుని సంతోషంగా ఇంటికెళ్ళి ఉంటారు. నాకు వాళ్ళ పేర్లన్నీ వచ్చు. వరసగా చెప్పగలను, వయసులతో సహా. మీరు రోజుకి ఇరవై నిమిషాలు ఖాళీగా కూర్చోమన్నారే, కూర్చుంటే వచ్చేవి ఆ పేర్లే. అందుకే కారులోనే రాసేశాను.

అదండీ తొందర. శుక్రవారం నేను అందరికంటే ముందు వెళ్ళాలి. ఆ నలభై తీయించుకుని, తలుపు వేసుకుని, ఒక్కొక్కటీ చూడాలి. ఏదైనా ఉంటే దిద్దుతాను, ఆ పేషెంట్లకి నేనే ఫోన్ చేస్తాను. లేకపోతే ఎవరికీ తెలియదు. నా తప్పు నేనే దిద్దుకుంటానంటున్నాను కదా, ఇంతకంటే ఏం కావాలి? కాగితం ఇవ్వండి.

ఆ సంతకాలు పెట్టి ఎన్ని రోజులైందా? ఇరవై.

అవునండీ, తెలిసీ ఇన్ని రోజులు ఆగాను. ఒక్క ఫోన్ చేస్తే వేరేవాళ్ళెవరైనా ఒక పూటలో చూసేసేవాళ్ళు. తెలుసు. నాకు తెలియదనుకుంటున్నారా? ఒకావిడ కడుపులో ఏదో పెరుగుతుంటే, దాన్ని కనిపెట్టే గౌరవం నాకే దక్కాలని కూర్చున్నాను. మాటల్లో పెడితే ఎంత చండాలంగా ఉందో చూడండి.

ఇంకోటి కూడా అడగండి. అడగరా? నేనే చెప్తాను. శుక్రవారం వెళ్తే చూడగలనా, అని.

మొన్న ఆదివారం ఇంట్లో పాత స్లైడ్ల ఫోటోలు ముందేసుకున్నాను, చెయ్యి తిరిగి ఉండాలని. సులువైనవి. మొదటిది చూశాను. గులాబీ, నీలం. మళ్ళీ చూశాను. గులాబీ, నీలం. పదహారేళ్ళు నాతో మాట్లాడిన బొమ్మలండీ అవి, తెరవగానే ఇది ఫలానా అని చెప్పేసేవి. గంటసేపు కూర్చున్నాను, ఒక్కటీ నోరు విప్పలేదు. మా అమ్మాయి వచ్చి, అమ్మా, ఎందుకేడుస్తున్నావు, అంది. ఏడుస్తున్నట్టు నాకు తెలియదు. కళ్ళకి మందు వేసుకున్నానని చెప్పాను.

కాబట్టి మీరు కాగితం ఇచ్చినా, నేను వెళ్ళినా, ఆ నలభై స్లైడ్ల ముందు కూర్చుని మళ్ళీ నలభై సంతకాలు పెట్టి వస్తాను. పది గంటల లోపే.

వద్దు, ఆ కాగితం నాకొద్దు, కలం లోపల పెట్టేయండి.

లేదు, హాస్పిటల్‌కి ఫోన్ మీరు చేయొద్దు. మీకు చేసే హక్కుందని తెలుసు, నేను ఇక్కణ్ణించి కదిలితే మీరు చేస్తారనీ తెలుసు. నేనే చేస్తాను. ఈ టైముకి పెద్దాయన గదిలోనే ఉంటారు. మీరు బయటికి వెళ్ళొద్దు, ఇక్కడే కూర్చోండి. మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. వందల రిపోర్టులకి ముందే వాక్యాలు సిద్ధం చేసినదాన్ని, ఒక్క వాక్యం రావట్లేదు.

మోగుతోంది.

సార్, నమస్కారం. నేనే. ఆఁ, బాగానే... లేదు సార్. బాగాలేను. సెలవు సంగతి కాదు, ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వండి, మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను. ఆ సభ జరిగిన బుధవారం నేను నలభై ఒక్క రిపోర్టులకి స్లైడు చూడకుండా సంతకం పెట్టాను. అవును సార్, చూడకుండానే. ఒకటి తప్పని తేలింది, దిద్దాను, మీకు చెప్పలేదు. నలభై మిగిలాయి. ఇవాళే తీయించండి. ఇవాళే, రేపు కాదు.

నేను రాను సార్. నేను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే, నా పరిస్థితి అలా ఉంది. మీరేం చర్య తీసుకున్నా తీసుకోండి, అది తర్వాత మాట్లాడదాం. ముందు ఆ ట్రేలు ఆ అమ్మాయికివ్వండి. అవును, నేను అరిచిన అమ్మాయికే. చిన్నది కాదు సార్, సరిపోతుంది. ఆ రోజు మా ఇద్దర్లో స్లైడు చూసింది తనొక్కతే.